కట్ట మీది మైసమ్మ, కదిలే ఉర్సు

పహాడీ షరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉర్సు షాబాన్ నెలలో జరుగుతుంది. హిజ్రీ లెక్కలో అధిక మాసం లేదు కాబట్టి ఉర్సు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అలా దాదాపు 33 ఏళ్ళకు కాలాలన్నీ చుట్టివస్తుంది. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన 2008లో షాబాన్ ఆగస్టు వానల్లో వచ్చింది. 2025లో ఫిబ్రవరిలోనే వచ్చి వెళ్ళింది. తడిసిన మెట్లెక్కి గంధానికి వచ్చిన మనిషే పదహారు, పదిహేడేళ్ళకు చలి వదిలే రోజుల్లో అవే మెట్లెక్కుతాడు. ఊళ్ళలో పీర్ల పండగదీ ఇదే నడక. నాట్ల బురదలోనూ పీర్లు లేస్తాయి, కోసిన మడుల మధ్యా లేస్తాయి.

అదే నేల మీద ఇంకో లెక్క ఉంది. చెరువుకట్ట మీద, తూము పక్కన, పసుపు పూసిన రాయిగా నిలిచిన కట్ట మైసమ్మది ఆ లెక్క. ఆమెకు ఆషాఢంలో బోనం, లేదంటే శ్రావణంలో. మధ్యలో అధిక మాసం వచ్చి పండగను మళ్ళీ వానల దగ్గరికే చేరుస్తుంది. ఈ రెండో లెక్క ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు మనం ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న జవాబు నాకు సరిపోవడం లేదు. అందుకే ఈ వ్యాసం.

ఆ జవాబు అందరికీ తెలిసిందే. 1813లో హైదరాబాద్ నగరంలో మహమ్మారి ప్రబలింది. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న దండులోని సురిటి అప్పయ్య, రోగం తగ్గితే మహంకాళికి గుడి కడతానని మొక్కుకున్నాడు. తిరిగివచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించాడు. బోనాలు అక్కడే మొదలయ్యాయి. జూలై వచ్చిందంటే పత్రికలన్నీ ఈ నాలుగు వాక్యాలే అచ్చేస్తాయి.

మొదటి మూడు వాక్యాలతో నాకు పేచీ లేదు. ఒక గుడి ఎలా వెలిసిందో అవి చెబుతాయి. నాలుగోదే నిలవదు. ఆ రోగాన్ని కొందరు ప్లేగు అంటారు, కొందరు కలరా అంటారు. నగరాన్ని వణికించిన ప్లేగు 1911లో వచ్చింది. జెస్సోర్‌లో మొదలై దేశదేశాలకు పాకిన మొదటి కలరా మహమ్మారి 1817 నాటిది. కలరా మన దేశానికి అంతకుముందే తెలుసు కాబట్టి 1813లో రోగమే రాలేదని నేను అనను. జనం నోట అది ఉత్త 'గత్తర'. తర్వాత వచ్చిన గత్తరల జ్ఞాపకం కూడా ఆ ఒక్క ఏటి మీదే పేరుకుందని నా అనుమానం. అసలు ప్రశ్న వేరే ఉంది. కొత్తగా వెలిసిన తల్లికి ఏం తీసుకుపోవాలో ఆడవాళ్ళకు ఎవరు నేర్పారు? కొత్త కుండ, పసుపు కుంకుమ బొట్లు, వేపమండలు, లోపల బెల్లపన్నం, మూత మీద దీపం, ఒక చెంబులో అమ్మవారి ముందు ధారపోసే సాక. ఇవన్నీ పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు తరతరాలుగా పోతున్నవే. భోజనమే బోనం. ఉజ్జయిని నుంచి పేరు వచ్చింది గాని కుండ మాత్రం మన కుమ్మరి వామి నుంచే వచ్చింది.

లాల్ దర్వాజాకు ఇలాంటిదే మరో కథ చెబుతారు. 1908లో మూసీ పొంగినప్పుడు మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అక్కడి అమ్మవారు సింహవాహినికి మొక్కాడనీ, బోనాలు ఆనాటివేననీ అంటారు. రాజు మొక్కి ఉండవచ్చు. ఆ జ్ఞాపకాన్ని నగరం అపురూపంగా దాచుకోవడం నాకూ ఇష్టమే. కాని మూసీ ఊళ్ళు ముంచింది సెప్టెంబరు 28న. పంచాంగం తిరగేస్తే అప్పటికి ఆశ్వయుజం వచ్చేసింది, బతుకమ్మ ఆడే రోజులవి. వరద మొక్కే పండగైతే అది ఆశ్వయుజంలోనే నిలబడాలి గదా. ఆషాఢానికి వెనక్కి ఎందుకు నడుస్తుంది? అప్పటికే ఆషాఢంలో పాతుకున్న పండగకు వరద ఒక కొత్త జ్ఞాపకాన్ని కట్టి ఉంటుందని అనుకోవడమే తేలిక.

మరి ఆషాఢమే ఎందుకు? పండగలన్నీ రుతువుల నుంచి పుట్టాయని తేల్చేస్తే సరిపోదు. బోనం ఆషాఢపు సొత్తు కాదు. కొమురవెల్లి మల్లన్నకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా బోనాలు పోతాయి. చాలా ఊళ్ళలో ఎల్లమ్మకు, పెద్దమ్మకు ఎండకాలంలోనే చేస్తారు. బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద వేసిన పుస్తకంలోనూ కొన్ని ఊళ్ళ కొలుపులు ఏటేటా జరిగేవి, కొన్ని రోగం వచ్చినప్పుడే జరిగేవి. అంటే బోనానికి కాలం లేదు, అవసరం ఉంది. అవసరం ఏ నెలలో ముంచుకొస్తే కాలం అదవుతుంది.

గోల్కొండ, షహర్ (పాతబస్తీ), లష్కర్ (సికింద్రాబాద్), వాటి చుట్టూ ఉన్న ఊళ్ళకు ఆ అవసరం కొత్త నీళ్ళతో వచ్చేదని నా వాదన. ఇది నదుల మీద బతికిన సీమ కాదు. బండల మధ్య కట్ట వేసి వాననీటిని ఆపుకున్న సీమ. మిరుగం నాడు తొలకరి పడితే, ఆషాఢపు ముసుర్లకు చెరువులోకి ఎర్రనీళ్ళు దిగుతాయి. అదే వరుసన బావులూ ఊరుతాయి. ఎండకాలమంతా నేల మీద పోగైన మురికి ఆ నీళ్ళతోనే వచ్చి కుండలోకి చేరుతుంది. గత్తర రోజులు అవే. కట్ట తెగుతుందేమోనన్న భయమూ అప్పుడే, తెగకుండా నిండితే ఏడాది గడుస్తుందన్న ఆశా అప్పుడే. ఆ భయాన్నీ ఆశనూ కలిపి చూసుకునే తల్లిని ఊరి నడుమ కాక కట్ట మీద కూర్చోబెట్టారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏ శాసనంలో వెతకాలి?

ఇంకో సాక్ష్యం సికింద్రాబాద్ గుడిలోనే ఉంది. బోనాల మర్నాడు రంగంలో, అంటే భవిష్యవాణి చెప్పే వేళ, పచ్చికుండ మీద నిలబడిన స్త్రీని పూజారులు ఏమడుగుతారు? వానలు పడతాయా, పాడిపంటలు ఉంటాయా, రోగాలు వస్తాయా. రోగం అడగరని కాదు. కాని 1813 నాటి రోగమే పండగకు తల్లివేరైతే, వాన మాట ఆ నోట ఇంత గట్టిగా నిలిచేది కాదు.

సర్కార్లకు కూడా ఈ రెండు లెక్కల చిక్కు తప్పలేదు. హిజ్రీ నెలల్లో శిస్తు అడిగితే పంట ఇంకా చేల మీదే ఉంటుంది. అందుకని మొగలులు పంటను బట్టి ఫసలీ సంవత్సరం పెట్టారు. నిజాం ఇలాకా దాన్ని ఎంతగా పట్టుకుందంటే, తెలంగాణ భూమిశిస్తు చట్టం పేరులోనే 1317 ఫసలీ అని ఉంది. నమాజుకు ఒక లెక్క, నాగలికి ఒక లెక్క పెట్టుకున్న రాజ్యం అది. పహాడీ షరీఫ్ చుట్టుపక్కల జనం ఆ పనిని ఏ ఫర్మానా లేకుండానే చేసుకున్నారు. గుట్ట మీది ఉర్సు కాలాలను దాటిపోతుంది, కట్ట మీది మైసమ్మ కాలాన్ని పట్టి ఉంచుతుంది. పిల్లకు జ్వరమొస్తే దర్గా తాయెత్తూ, మైసమ్మ పసుపూ ఒకే ఇంట్లో ఉండేవి.

ఇప్పటి సంగతి సంతోషంగా రాయలేను. 2014లో బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండగలయ్యాయి. వందేళ్ళుగా మోటు అని తోసేసిన కొలుపుకు ఆ గౌరవం రావడం న్యాయమే, నేను మనసారా ఒప్పుకుంటాను. కాని గౌరవం తేదీకీ ఊరేగింపుకీ దక్కింది. నీళ్ళకు దక్కలేదు. విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు పోయాక దాని చుట్టూ ప్లాట్లు పడ్డాయి, కాలువలు పూడాయి. 1996 నాటి 111 జీవో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల ఎగువ నేలను కాపాడాలని వచ్చింది. దాన్ని ఎత్తేయాలని అడిగినంత గట్టిగా, ఊరి చెరువును బాగుచేయాలని ఎవరూ అడగలేదు. కట్ట మైసమ్మలు చాలాచోట్ల కట్ట లేని మైసమ్మలయ్యారు. గుడికి టైల్స్ పడ్డాయి, రాతికి వెండి కళ్ళు వచ్చాయి. తూము ఎటువైపు ఉండేదో అడిగితే చూపించడానికి పాతకాపు ఒకరు కావాలి.

పోయిన ఆషాఢంలో శంషాబాద్ వైపు అలాంటి గుడి ముందు నిలబడ్డాను. డీజే చప్పుడులో డప్పు వినిపించడం లేదు. ఒక ముసలామె స్టీలు బిందెలో బోనం తెచ్చింది. కుండ దొరకలేదట. దించి, చెంబులో సాక తీసుకుని గడప మీద పోసింది. కొంచెం మిగిలింది. దాన్ని పట్టుకుని గుడి వెనక్కి నడిచింది. అక్కడ ప్రహరీ గోడ, గోడ అవతల షెడ్డు. ఆ మిగిలిన సాకను గోడ మొదట్లో పోసి దండం పెట్టుకుంది. ఎందుకక్కడ పోశావమ్మా అని అడిగితే, "చెరువు ఈడనే ఉండె బిడ్డా" అంది.