ఏడడుగుల పడవకు మూటాముల్లె

గట్టి పెట్టెలు తీసుకురావద్దు, మడిచి దాచుకోగలిగిన గుడ్డసంచులే తెచ్చుకోండి. పడవ అద్దెకిచ్చేవారు పంపిన కాగితంలో మొట్టమొదటి సూచన ఇది. మా ఇంట్లో ఉన్నవేమో అన్నీ విమానప్రయాణాల కోసం కొన్న గట్టి పెట్టెలే. కాగితం చదివి మా ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "ఏమండీ, యాభై అడుగుల పొడుగున్న పడవలో నాలుగు పెట్టెలకు చోటుండదా?"

ఉండదు. ఎందుకుండదో చెప్పాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి పోవాలి. వారం రోజులుగా సంచులు సర్దుతూ, తీస్తూ, మళ్ళీ సర్దుతూ నేను చేసిన పని అదే. ఇంగ్లండు కాలువల మీద వారంపాటు పడవ అద్దెకు తీసుకొని మనమే నడుపుకుంటూ పోవడం ఇక్కడివారికి మామూలు వేడుక. నడపడానికి లైసెన్సు అక్కరలేదు. గంటకు నాలుగు మైళ్ళకు మించి పోకూడదు, అంటే పక్కన గట్టు మీద నడిచేవాడు మనతో కబుర్లాడుతూ రావచ్చు. కాని ఏమి పట్టుకెళ్ళాలి, ఏది వదలాలి అన్నది మాత్రం మన చేతుల్లో లేదు. దానిని జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు 1760లలోనే నిర్ణయించి పెట్టాడు.

బ్రిండ్లీ పెద్దగా చదువుకున్నవాడు కాదు. మిల్లులు బాగుచేసే పనిలో చేయి తిరిగినవాడు, లెక్కలన్నీ మనసులోనే కట్టేవాడు. బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు తన వర్స్‌లీ గనుల బొగ్గును మాంచెస్టరు చేర్చడానికి తవ్వించిన కాలువ 1761లో నడకలోకి వచ్చింది. బార్టన్ వద్ద ఆ కాలువ అప్పట్లో ఒక నదిని కమానుల మీదుగా దాటేది. కాలువ వచ్చాక మాంచెస్టరులో బొగ్గు ధర ఇంచుమించు సగానికి పడిపోయింది. దానితో దేశంలోని వ్యాపారులందరికీ కాలువల మీద కన్నుపడింది. వారిలో ముఖ్యుడు పింగాణీ పాత్రలు చేయించే జొసయా వెడ్జ్‌వుడ్. గుఱ్ఱాల వీపున గతుకుల బాటలో పోతే పింగాణీ ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 1766 జులై 26న ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు మొదటి గడ్డపార వేసినవాడు ఆయనే. ఇంజనీరు బ్రిండ్లీ.

ఈ కాలువకు అడ్డంగా స్టోక్ సమీపంలో హేర్‌కాసిల్ అనే కొండ ఉంది. దాని కడుపులోంచి 2,880 గజాల సొరంగం తవ్వాలి. సొరంగం ఎంత వెడల్పయితే అంత ఖర్చు. పైగా ఎత్తుపల్లాలు దాటడానికి లాకులు కావాలి. పడవ ఒక్కసారి లాకు దాటితే ఆ లాకు పట్టినన్ని నీళ్ళు పైనుంచి కిందికి పోతాయి. కొండమీది జలాశయంలో నీళ్ళు పరిమితం. కాబట్టి బ్రిండ్లీ లాకుల కొలతను 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుగా స్థిరపరిచాడు. మధ్య ఇంగ్లండులో తరువాత వచ్చిన కాలువలు చాలావరకు ఇదే కొలతను అనుసరించాయి. ఏడడుగుల లాకులో పట్టాలంటే పడవ 6 అడుగుల 10 అంగుళాలకు మించరాదు. ఈనాటికీ అద్దెపడవలన్నీ ఆ కొలతకే కడతారు. గోడలు, నడవడానికి దారి పోను మిగిలినది నాలుగు పెట్టెలకు ఎలా చాలుతుంది? మన పెళ్ళిలో ఏడడుగులు నడిస్తే సంసారం మొదలవుతుంది. ఇక్కడ ఏడడుగులలో సంసారం సర్దాలి.

బ్రిండ్లీ తన కాలువ పూర్తికావడం చూడలేదు. ఆయన 1772లో పోయాడు, కాలువ 1777లో ముగిసింది. ఆయన సొరంగంలో గుఱ్ఱం నడిచే గట్టు లేదు. గుఱ్ఱాన్ని విప్పి కొండమీదుగా తోలుకుపోయేవారు. మనుషులు పడవమీద వెల్లకిలా పడుకొని, చీకట్లో సొరంగం గోడలను కాళ్ళతో తన్నుతూ పడవను ముందుకు నెట్టేవారు. పక్కనే థామస్ టెల్ఫర్డ్ తవ్విన రెండవ సొరంగం 1827లో తెరుచుకుంది. మేము పోబోయేది దాని గుండానే, ఇంజను మీద, సుమారు నలభై నిమిషాలు. కాగితంలో టార్చిలైటు, వానకోటు అని ఉన్నది ఎండాకాలానికీ వర్తిస్తుందట. సొరంగం కప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి.

ప్రయాణం దూరం నిర్ణయించడం కూడా సర్దుబాటులో భాగమే. ఇక్కడ ఒక లెక్క ఉంది: లాకు దాటడానికి ఒక మైలు పోయినంత సమయం పడుతుందనుకొని, మైళ్ళూ లాకులూ కలిపి గంటకు మూడు చొప్పున భాగించాలి. మేము మొదట ఆశపడినది ఫోర్ కౌంటీస్ రింగ్ అనే చుట్టుకాలువ. 110 మైళ్ళు, 94 లాకులు. కలిపితే 204, మూడుతో భాగిస్తే 68 గంటలు. వారంలో ముగించాలంటే రోజుకు దాదాపు పదిగంటలు. ఇద్దరు పిల్లలతో అది విహారం కాదు, వెట్టిచాకిరీ. అందుచేత మిడిల్‌విచ్ నుంచి కొండెక్కి, సొరంగం దాటి, వెడ్జ్‌వుడ్ కార్ఖానా ఒకప్పుడు నెలకొన్న ఎట్రూరియా దాకా పోయి వెనుదిరగాలని నిశ్చయించాము.

ఆపై వస్తువులు. లాకు తలుపుల్లోని నీటి తూములను ఎత్తడానికి విండ్లస్ అనే వంకర ఇనుప పిడి పడవవారే ఇస్తారు. గట్టున దిగగొట్టే మేకులు, సుత్తి, తాళ్ళు కూడా వారివే. మనం తెచ్చుకోవలసినవి జారని బూట్లు, తాళ్ళు లాగడానికి చేతితొడుగులు, టార్చి, తువ్వాళ్ళు. మా జాబితాలో ముందు కొట్టివేతకు గురైనది కరెంటు అన్నం కుక్కరు. పడవలో కరెంటు బాటరీలదే, అది కుక్కరుకు చాలదు. గ్యాసుపొయ్యి ఉంది కనుక మూడు లీటర్ల ప్రెషరు కుక్కరు నిలిచింది. పప్పు, బియ్యం, చింతపండు పులుసు, గోంగూర పచ్చడి నిలిచాయి. నేను పెట్టిన అయిదు పుస్తకాలు రెండయ్యాయి.

ఈ కొట్టివేతల మధ్యలోనే నాకు పడవ కుటుంబాల కథ తటస్థపడింది. అది చదివాక జాబితా మీద చేయి ఆగిపోయింది.

మొదట్లో సరుకుపడవల మీద మగవాళ్ళే పనిచేసేవారు, కుటుంబాలు ఒడ్డున ఇళ్ళలో ఉండేవి. 1830ల తరువాత రైళ్ళు పోటీకి వచ్చాయి, కాలువ రవాణా రేట్లు పడిపోయాయి. సహాయకుడికి కూలి, ఒడ్డున ఇంటికి అద్దె ఇచ్చుకోలేని పడవవాడు భార్యాబిడ్డలను పడవలోకే తెచ్చుకున్నాడు. డెబ్భై అడుగుల పడవలో సరుకుకు పోగా వారికి మిగిలినది వెనుక కొసన పదడుగుల పొడవు, ఏడడుగులకు లోపు వెడల్పు గల గది. అందులోనే పొయ్యి, అల్మారా, మంచం. అల్మారా తలుపును కిందికి వాలిస్తే అదే భోజనాల బల్ల. ఇంకొక తలుపు దించి పరుపు పరిస్తే అదే మంచం. పెళ్ళాలు లాకులు తీసేవారు, పిల్లలు గుఱ్ఱాన్ని నడిపేవారు. పిల్లలు కొందరు ఆ గదిలోనే పుట్టారు. ఒకచోట నిలకడ లేదు కనుక బడి లేదు.

జార్జి స్మిత్ అనే సంస్కర్త వీరి గురించి పదేపదే రాసి, వాదించిన ఫలితంగా 1877లో కాలువపడవల చట్టం వచ్చింది, 1884లో దానికి పదును పెట్టారు. చట్టం కింద ఏర్పడిన నిబంధనల ప్రకారం పెద్దవారికి తలకు 60 ఘనపుటడుగులు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు 40 ఘనపుటడుగులు గాలి ఉండాలి. లెక్కకట్టి చూడండి. 60 ఘనపుటడుగులంటే నాలుగడుగుల చదరపు నేల మీద నాలుగడుగుల ఎత్తు కూడా లేదు. ఇది సంస్కరణ తరువాతి మాట. అంతకుముందు ఎట్లుండేదో ఊహకు వదిలేస్తున్నాను.

ఆ ఇరుకులోనే వారు పడవ తలుపుల మీద గులాబీలు, కోటలు చిత్రించుకున్నారు. గోడలకు అల్లికల అంచుల పింగాణీ పళ్ళాలు వేలాడదీశారు, ఇత్తడి గుబ్బలను తళతళ తోమారు. మంచినీళ్ళ బిందెకు కూడా పూలు వేశారు. అత్యవసరమైనవి మాత్రమే సర్దుకొమ్మని మనకు చెబుతారే, వారి సామానులో అందం కూడా అత్యవసరాల కిందే లెక్క.

అదే 1880లలో తూర్పున నార్ఫోక్ బ్రాడ్స్ అనే చెరువులూ నదుల ప్రాంతంలో విహారానికి పడవలు అద్దెకివ్వడం ఊపందుకుంది. రాక్సమ్ ఊళ్ళో జాన్ లాయిన్స్ అనే వడ్రంగి ఈ వ్యాపారానికి ఆద్యులలో ఒకడు. అక్కడ సరుకుపడవలను విహారానికి మార్చి, నడపడానికి మనుషులతో సహా ఇచ్చేవారు. కొన్నిటిలో పియానో కూడా ఉండేది. 1889లో జెరోమ్ కె. జెరోమ్ థేమ్స్ నది మీద ముగ్గురు మిత్రుల పడవ షికారును, వారి సామాను సర్దుడును హాస్యనవలగా రాసి లోకాన్ని నవ్వించాడు. ఒకే దేశం, ఒకే దశాబ్దం. ఒక నీటి మీద పియానో సామానులో చేరుతుంది. మరొక నీటి మీద బిడ్డకు బడిపలక చేరదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఇరుకు కాలువలు ఈనాటికీ ఎలా బతికాయి? 1948 జనవరి 1న చాలా కాలువలు జాతీయమయ్యాయి, అప్పటికే ఎన్నో పూడిపోతున్నాయి. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు 1939లో క్రెస్సీ అనే పాత సరుకుపడవను ఇల్లుగా మార్చుకొని భార్యతో బయలుదేరాడు. ఆ ప్రయాణం గురించిన ఆయన పుస్తకం నారో బోట్ 1944లో అచ్చయింది. దానిని చదివి రాబర్ట్ ఎయిక్‌మన్ ఆయనను కలుసుకున్నాడు. 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. 1962-63 చలికాలంలో కాలువలు నెలల తరబడి గడ్డకట్టి సరుకు వ్యాపారాన్ని ఇంచుమించు ముగించాయి. మిగిలిన చివరి క్రమబద్ధమైన దూరప్రయాణం, లండన్ దగ్గరి సౌతాల్ జాము కార్ఖానాకు బొగ్గు మోయడం, 1970 అక్టోబరులో ఆగిపోయింది. అయితే అప్పటికే 1968 రవాణా చట్టం కొన్ని కాలువలను విహారానికి పనికివచ్చేవిగా గుర్తించి వాటిని కాపాడే బాధ్యతను ప్రభుత్వం మీద ఉంచింది. సెలవుల్లో పడవ అద్దెకు తీసుకొనే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వారి పిల్లలు కాలువకు కొత్త సరుకయ్యారు.

వారి మూటాముల్లే కాలువను నిలబెట్టింది. సరుకు పోయాక కాలువకు ఎవరో ఒకరితో పని ఉండాలి. పనిలేని కాలువ మురుక్కాలువ అవుతుంది.

ఇక్కడ నాకు మన గోదావరి గుర్తుకు రాక మానదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆర్థర్ కాటన్‌ను మనం పొలాలకు నీరిచ్చిన దొరగా పూజిస్తాము కాని, ఆయన దృష్టిలో ఆ కాలువలు రహదారులు కూడా. ఇండియాకు రైళ్ళకన్నా పడవకాలువలు చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో పార్లమెంటు సంఘం ముందు కూడా అదే చెప్పాడు. మన లాకులు విశాలమైనవి, బ్రిండ్లీ ఏడడుగుల పిసినారితనం వాటికి లేదు. పాత గన్నవరం అక్విడక్టు 49 కమానుల మీద వైనతేయను దాటేది, దాని ముందు బార్టన్ ఏపాటి? లాకు అన్న మాట కోనసీమలో ఎంతగా కలిసిపోయిందంటే, నేను ఇంగ్లీషు నేర్చుకునేదాకా అది తెలుగుమాటే అనుకున్నాను.

మా అమ్మమ్మ కాకినాడ కాలువ మీద రాత్రిపడవలో పుట్టింటికి వెళ్ళేది. ఆవిడ సర్దుడు చెప్పగా విన్నాను: చాప, పరుపుచుట్ట, లాంతరు, ఇత్తడి గిన్నెలో పులిహోర, మూత తిప్పి బిగించే మరచెంబుతో మంచినీళ్ళు. తెల్లవారేసరికి రేవు. బస్సులు వచ్చాక ఆ పడవలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలన్నిటినీ కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గం అన్నారు. దిండి వంటిచోట హౌస్‌బోట్లు వచ్చాయి గాని, అవి గోదావరి పాయ మీదివి. లాకు తలుపు తీయమని అడిగే కుటుంబం మాత్రం కాలువగట్టున లేదు. మన కాలువలకు నీళ్ళు ఉన్నాయి, లాకులూ ఉన్నాయి. మూట కట్టుకొని రేవులో నిలుచున్న మనిషి లేడు. రోల్ట్ పుస్తకం వంటిది మనలో ఎవరో ఒకరు రాయకపోతారా అని ఆశ. గోదావరి తీరంవారు ఇది చదువుతున్నారు కనుకనే ఈ మాట అంటున్నాను.

రేపు మధ్యాహ్నం పడవ చేతికి వస్తుంది. గుడ్డసంచులు నాలుగూ తలుపు దగ్గర పెట్టాము. అమ్మమ్మ మరచెంబు మా ఇంట్లో అద్దాల బీరువాలో ఇన్నేళ్ళూ బొమ్మలాగా ఉంది. పడవలో నీళ్ళ టాంకు ఉండగా అది అనవసరమని నేనే కొట్టేశాను. ఇందాక చూస్తే మా ఆవిడ చింతపండుతో తోమి, సంచిలో అన్నిటికంటే పైన పెట్టింది.