జగన్నాథుడి దారిలో రాత్రి బస

పూరీ నుంచి సింహాచలం దాకా యాత్రికుల్ని తడవకుండా, ఆకలితో పడుకోకుండా కాపాడిన సత్రాలూ పూటకూళ్ళ ఇళ్ళూ ఈ కాలపు ప్రయాణికుడికి ఏం నేర్పుతాయి?

ఇచ్ఛాపురం దగ్గర బాహుదా దాటి దక్షిణానికి వచ్చే బాటసారికి సింహాచలం చేరేలోపు మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని వరసగా అడ్డం వస్తాయి. వీటి మధ్య పేరున్నవీ లేనివీ గెడ్డలు ఇంకెన్నో. పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం, నడుమ సన్నటి నేల. నేటి జాతీయ రహదారీ రైలుమార్గమూ ఈ సందులోంచే పోతున్నాయి. వందల ఏళ్ళపాటు పూరీ జగన్నాథుణ్ణి చూడబోయినవాళ్ళూ, చూసి వచ్చినవాళ్ళూ ఇదే దారిన నడిచారు.

రథయాత్ర ఆషాఢంలో. వెళ్ళేటప్పుడు రోహిణీ ఎండలు, వచ్చేటప్పుడు ఏరులు పొంగే వానలు. కాలినడకన, ఎడ్లబండి మీద, కాస్త కలిగినవాళ్ళయితే పల్లకీలో సాగిన ఆ ప్రయాణంలో పొద్దు వాలేసరికి అందరికీ వచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి బస ఎక్కడ? ఈ ప్రశ్నకు మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం ఒక్కో కాలంలో ఒక్కోలా జవాబు చెప్పింది. ఆ జవాబులన్నిటినీ కలిపి చూస్తే, ఎక్కడ ఆగాలో ఎలా ఎంచుకోవాలో ఇప్పటికీ తెలుస్తుంది.

కొండ మీది విహారం, ఊళ్ళోని ఇల్లు

కళింగపట్నానికి దగ్గరలో, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో తొలిసారి గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులు. వానాకాలంలో తిరుగుడు మాని ఒకేచోట ఉండాలన్నది బౌద్ధ భిక్షువుల నియమం. అలాంటివాళ్ళు తమ విహారానికి ఎంచుకున్న చోటు చూడండి. నది కనుచూపు మేరలో ఉంది, నీటికి కొరత లేదు. వరద ఎంత వచ్చినా కొండ ఎక్కి రాదు. కళింగపట్నం ఓడరేవు దగ్గరే కాబట్టి మనుషుల రాకపోకలూ ఉంటాయి. నీటికి దగ్గరగా, వరదకు దూరంగా ఉండాలన్న ఆ లెక్క ఈ నదుల నేల మీద ఎవరు ఎక్కడ ఆగాలన్నా మొదట వేసుకోవలసిందే.

విహారాల కాలం పోయి ఆలయాల కాలం వచ్చింది. శ్రీముఖలింగం, శ్రీకూర్మం, అరసవల్లి, రామతీర్థం, సింహాచలం యాత్రికుల మజిలీలయ్యాయి. 1510 ప్రాంతంలో పూరీ నుంచి దక్షిణ యాత్రకు బయల్దేరిన చైతన్య మహాప్రభువు శ్రీకూర్మంలో ఆగాడు. కూర్ముడనే గృహస్థు ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళి, కాళ్ళు కడిగి, కుటుంబంతో సహా సేవ చేశాడని కృష్ణదాస కవిరాజు రాసిన చైతన్య చరితామృతం చెబుతుంది. మీ వెంట వచ్చేస్తానని ఆ గృహస్థు అడిగితే, వద్దు, ఇంటిపట్టునే ఉండు అన్నాడట మహాప్రభువు. యాత్రామార్గం నిలబడాలంటే నడిచేవాళ్ళు ఎంత అవసరమో, తలుపు తెరిచి ఉంచే ఇంటివాళ్ళూ అంతే అవసరం. ఆ కథలో నాకు కనిపించే లోకజ్ఞానం ఇది. వీధి అరుగు మీద చాప పరిచి, చెంబుడు నీళ్ళిచ్చిన ప్రతి ఇల్లూ ఆ రోజుల్లో ఒక బసే.

సత్రం అంటే స్వయంపాకం

జనం పెరిగితే అరుగులు చాలవు. అందుకే సత్రాలు వచ్చాయి. రాజులు, జమీందార్లు, వర్తకులు, పిల్లలు లేని దంపతులు తమ పేరు నిలవాలని సత్రం కట్టించి, దాని ఖర్చుకు మాన్యం భూమి రాసి ఇచ్చేవారు. నాలుగు వైపులా వసారా, మధ్యలో వాకిలి, పక్కన మంచినీళ్ళ నుయ్యి, వెనకాల గాడిపొయ్యి. కొన్నిచోట్ల వండి వడ్డించేవారు. కొన్నిచోట్ల బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కట్టెలు ఇచ్చి స్వయంపాకం చేసుకోమనేవారు. ఎవరి ఆచారం వారిది కాబట్టి యాత్రికులకూ అదే సుఖంగా ఉండేది. అయితే తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. కులాన్ని బట్టి వసారా, కులాన్ని బట్టి నుయ్యి. మన సత్రాల చరిత్రలో ఆ మచ్చను దాచి చెప్పకూడదు.

మాన్యం ఉన్నచోట దాన్ని తినేవాళ్ళూ ఉంటారు. మద్రాసు ప్రభుత్వం 1817లో 7వ రెగ్యులేషన్ తెచ్చింది. దేవాలయాల ఆస్తులతో పాటు వంతెనలు, సత్రాల నిర్వహణను కూడా రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలో పెట్టింది. దారికి వంతెన ఎంత ముఖ్యమో సత్రమూ అంత ముఖ్యమని ఆ చట్టం ఒప్పుకుంది. రెండిటినీ ఒకే వాక్యంలో చేర్చి కాపాడాలనుకుంది.

వీరాస్వామయ్య చూసిన దారి

ఈ దారిని తెలుగులో వివరంగా రాసిపెట్టిన మహానుభావుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెళ్ళింది కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా. తిరిగి వచ్చింది కలకత్తా, పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా. దారి పొడవునా రాసిన సంగతులను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. అప్పటికి వీరాస్వామయ్య లేరు.

ఆ పుస్తకాన్ని యాత్రా సాహిత్యంగా, సంఘ చరిత్రగా చదువుతుంటాం. బసలు ఎంచుకునేవాడి చేతిపుస్తకంగా కూడా చదవాలి. ఈ మజిలీకి ఆ మజిలీ ఎన్ని ఆమడలు, ఊళ్ళో అంగళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా, నీళ్ళు బాగున్నాయా, దిగడానికి సత్రం ఉందా తోపు ఉందా, ముందున్న ఏరు ఎలా దాటాలి. ఊరూరా ఇవే సంగతులు. డేరాలు వెంట ఉన్నా ఆయన చూపు ఎప్పుడూ నీటి మీద, నీడ మీద, అంగడి మీద ఉంటుంది. తన వెనక వచ్చేవాడికి పనికిరావాలన్న తపన ప్రతి పేజీలో కనిపిస్తుంది.

ఆ రోజుల్లో ఏరు దాటడమనేది ఈ ప్రాంతంలో చిన్న మాట కాదు. నాగావళికి నీరు వస్తే బల్లకట్టు ఆగిపోయేది. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉండేది, రెండు మూడు రోజులు ఇవతలే పడి ఉండాల్సి వచ్చేది. శ్రీకాకుళంలో నది మీద వంతెన కట్టాక కూడా, 1876 వరదలో దాని కమానులు కొన్ని కొట్టుకుపోయాయి. అందుకే తెలిసిన యాత్రికుడు ఏటి ఒడ్డున బస చేయాలంటే అంగడి ఉన్న ఊరే చూసుకునేవాడు. ఒక్క రాత్రికనుకున్నది నాలుగు రాత్రులైనా బియ్యం దొరకాలి కదా!

ఇరుకు గదులు, కలరా, చట్టం

బస చెడితే ఏమవుతుందో చెప్పేందుకు పూరీ చరిత్ర చాలు. 19వ శతాబ్దిలో రథయాత్ర రోజుల్లో అక్కడి అద్దె ఇళ్ళు కిక్కిరిసిపోయేవి. కిటికీ లేని చిన్న గదుల్లో పదుల కొద్దీ మనుషులు రాత్రి గడిపేవారు. వాన, బురద, చెడిన నీళ్ళు తోడై కలరా చెలరేగేది. తిరుగుదారి పట్టిన యాత్రికులతో పాటు అదీ ఊరూరా వెళ్ళేది. దక్షిణంగా వచ్చేవాళ్ళకు మన జిల్లాల ఊళ్ళే దారి. బెంగాల్ ప్రభుత్వం 1871లో పూరీ బస ఇళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. యాత్రికుల్ని దించుకునే ఇంటికి లైసెన్సు ఉండాలి, ఎంతమందిని పెట్టుకోవచ్చో దానిలో రాసి ఉండాలి, వైద్యాధికారి తనిఖీ చేయాలి.

ఇంటివాడు యాత్రికుణ్ణి కళ్ళతో చూసి, పేరు అడిగి, అన్నం పెట్టే చోట చట్టం పని తక్కువ. మనిషిని తలల లెక్కన చూసే చోట చట్టం తప్పదు. 1871 చట్టం నాకు నేర్పిన పాఠం ఇది.

రైలొచ్చింది, పూటకూళ్ళమ్మ పొయ్యి వెలిగింది

1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్‌కోస్ట్ రైలుమార్గం తెరుచుకుంది. రోజుల నడక గంటల్లోకి వచ్చింది. దారి మధ్య సత్రాల్లో సందడి తగ్గి, స్టేషన్ల చుట్టూ కొత్త బసలు పుట్టాయి. శ్రీకాకుళానికి రైలు ఊళ్ళోకి రాలేదు. స్టేషను ఆమదాలవలసలో. అక్కడ దిగి బండి కట్టించుకోవాలి కాబట్టి ఆమదాలవలస కూడా మజిలీ అయింది.

విజయనగరం సంగతి వేరు. రాజాస్థానం, కాలేజీ, కోర్టులు, సంగీతం, నాటకం. పనుల మీద వచ్చేవాళ్ళు, చదువుకోవడానికి వచ్చేవాళ్ళు తీర్థయాత్రికుల కంటే ఎక్కువ. వాళ్ళకు ధర్మసత్రం సరిపడదు. డబ్బిచ్చి రోజూ రెండు పూటలా తినే చోటు కావాలి. పూటకూళ్ళ ఇళ్ళు ఆ అవసరం తీర్చాయి. ఇవి తెలుగునేలకు కొత్తవి కావు. కాకతీయుల ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే కమ్మటి భోజనాన్ని క్రీడాభిరామం వర్ణించింది. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’లో ఆ వృత్తికి ఒక మనిషి రూపం వచ్చింది. పూటకూళ్ళమ్మ.

నాటకంలో గిరీశం ఆమె ఇంట తిన్నాడు, ఆమె డబ్బూ వాడుకున్నాడు. ఆమె చీపురుకట్టతో బయల్దేరితే మనం నవ్వుతాం. కానీ ఆ నవ్వు వెనక ఒక జీవితం ఉంది. భర్త పోయిన ఆడదానికి ఆస్తి లేదు, చదువు లేదు, మళ్ళీ పెళ్ళి లేదు. చేతిలో ఉన్నది వంట ఒక్కటే. ఆ వంటతో ఆమె తన ఇంటిని బసగా మార్చి, ఊరు కాని ఊరు వచ్చినవాళ్ళ కడుపు నింపి, తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఆంధ్రదేశంలో అతిథి గృహాల చరిత్ర రాసేవారెవరైనా మహారాజుల సత్రాల పక్కనే ఆమె పొయ్యికి చోటివ్వాలి.

ప్రభుత్వం మరో దారి చూపింది. తాలూకా ఊళ్ళలో ముసాఫరు బంగళాలు, అంటే ట్రావెలర్స్ బంగళాలు కట్టింది. జనం నోట టీబీలు. రెండు గదులు, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, దూరంగా వంటగది, ఒక నుయ్యి, ఒక వాచ్‌మన్, సంతకం పెట్టే రిజిస్టరు. అధికారులదే అగ్రతాంబూలం. అయినా ఎండకూ వానకూ తట్టుకునేలా, గాలి ఆడేలా ఇల్లు ఎలా కట్టాలో ఆ బంగళాలు చూపించాయి.

అడవి ద్వీపంలో అదే లెక్క

ఈ మజిలీల లెక్క మన దారికే పరిమితం కాదు. కరీబియన్ సముద్రంలో డొమినికా అనే చిన్న దేశం ఉంది. కొండలు, జలపాతాలు, దట్టమైన వర్షారణ్యం. అక్కడ ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 184 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పేరు వైటుకుబులి. దాన్ని 14 భాగాలు చేశారు. ఒక్కో భాగం సుమారుగా ఒక రోజు నడక. బాట పక్క ఊళ్ళలో కుటుంబాలు నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లలో నడిచేవాళ్ళు ఆగుతారు. వీరాస్వామయ్య కాలపు మజిలీల పద్ధతి ఇప్పటి కాలంలో అక్కడ బతికి ఉందన్నమాట. 2017 సెప్టెంబరులో మారియా తుపాను ఆ ద్వీపాన్ని ఊడ్చేసింది. మళ్ళీ కట్టుకునేటప్పుడు గాలికి నిలిచే ఇల్లు ఎలా ఉండాలన్నదే వాళ్ళ ముందున్న పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్న మనకూ తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగిన ఆ రాత్రిని శ్రీకాకుళం మరవలేదు. మన తీరపు పాత జవాబు చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. గాలికి ఎదురు నిలిచే మూల ఎక్కడా ఉండదు. గాలి చుట్టూ తిరిగి పోతుంది. ఈ కట్టుబడి తెలిసిన పనివాళ్ళు కనుమరుగవుతున్నారు. సీతంపేట కొండల్లోనో, తాటిపూడి జలాశయం చుట్టుపక్కలో కొత్తగా బసలు కట్టాలనుకునేవారు సిమెంటు పెట్టెలు కట్టే ముందు చుట్టింటిని ఒకసారి చూడాలి.

ఇవాళ ఎలా ఎంచుకోవాలి?

రథసప్తమికి అరసవల్లి, పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళేవారు గదులు దొరక్క అవస్థ పడతారు. పైడితల్లి పండగకి విజయనగరంలో ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండిపోతుంది. అలాంటి రోజుల్లో ముందే మాట చెప్పుకుని వెళ్ళాలి, లేదా పండగ వెళ్ళాక తీరిగ్గా చూడాలి. శ్రీముఖలింగం వెళ్ళేవారు శ్రీకాకుళంలోనో నరసన్నపేటలోనో దిగి పొద్దున్నే బయల్దేరడం సుఖం.

కొండల్లో, ఏటి ఒడ్డుల్లో ఆగేటప్పుడు పాత యాత్రికుడి ప్రశ్నలే అడగండి. తాగే నీళ్ళు ఎక్కడివి? రాత్రి వాన పడితే దారిలో గెడ్డ పొంగుతుందా? ఇల్లు మెరక మీద ఉందా? ఒక గదిలో ఎంతమందిని పెడతారు? వంట ఎవరు చేస్తారు, కూరగాయలు ఊళ్ళోవేనా? రాత్రి అవసరమైతే పిలవడానికి ఇంటివాళ్ళు అక్కడే ఉంటారా? ఆడవాళ్ళు ఒంటరిగా వస్తే తలుపు గడియ గట్టిగా పడుతుందా? అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే తుపాను కబురు కనుక్కోండి. వీటికి ఇంటివాళ్ళే ఎదురుగా నిలబడి జవాబు చెబితే అది మంచి బస. గదులు మూడే ఉన్నా, గోడకు సున్నమే ఉన్నా ఫర్వాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా కోరాలి. మన యాత్రాస్థలాల్లో మిగిలిన పాత సత్రాల జాబితా ఊరూరా తయారు కావాలి. ఏది ఎవరి ధర్మం, దాని మాన్యం ఎక్కడ, ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నది ప్రజలకు తెలియాలి. బాగుచేయగలిగినవాటిని కులం అడగకుండా అందరికీ తెరవాలి. నడపడం ఊళ్ళోని మహిళా సంఘాలకు అప్పగిస్తే పూటకూళ్ళమ్మ వారసులకు గౌరవమైన జీవనం దొరుకుతుంది. ప్రయాణికులుగా మనం చేయగలిగింది కూడా ఉంది. ఈసారి శ్రీకూర్మమో రామతీర్థమో వెళ్ళినప్పుడు ఊళ్ళోని చిన్న బసలో ఒక రాత్రి ఉండి, మన డబ్బు ఆ ఊళ్ళోనే ఖర్చు పెట్టి, వీరాస్వామయ్యలాగే చూసింది చూసినట్టు నలుగురికీ చెబుదాం.