కాలుడూ ముక్తీశ్వరుడూ ఒకే పానవట్టం మీద

కాళేశ్వరం గర్భగుడిలో పానవట్టం ఒకటే, లింగాలు రెండు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. పక్కనే ముక్తీశ్వరుడు, అంటే శివుడు. చావుకీ మోక్షానికీ ఒకే పీఠం వేసిన గుడి ఇది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ మండలంలో, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంది. సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందన్న నమ్మకంతో దీన్ని త్రివేణీ సంగమం అంటారు. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగ దేశానికి ఎల్లలు చెప్పేటప్పుడు మూడో పేరు దీనిదే.

స్థలపురాణం ఇలా సాగుతుంది. ముక్తీశ్వరుణ్ణి కొలిచినవాళ్ళంతా పాపపుణ్యాల లెక్క లేకుండా ముక్తి పొందుతూ ఉంటే యముడికి పని లేకుండా పోయింది. ఆయన వెళ్ళి శివుడి దగ్గర మొరపెట్టుకున్నాడు. తన పక్కనే యముడి లింగం కూడా ఉండాలని, ముందు ఆయన్ని కొలిచి ఆ తర్వాతే తన దగ్గరికి రావాలని శివుడు నియమం పెట్టాడు. అందుకే ఇక్కడ తొలిపూజ కాళేశ్వరుడికి. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన నీళ్ళు నేల లోపలి దారిన సంగమానికి చేరతాయని భక్తులు చెబుతారు.

ఉపనిషత్తుల్లో నచికేతుడు మోక్షరహస్యం అడిగిందీ యముణ్ణే. చావును తప్పించుకుని మోక్షానికి అడ్డదారి లేదన్న ఆ పాఠాన్ని కాళేశ్వరం గ్రంథంలో కాకుండా పూజా క్రమంలో నిలబెట్టింది. చదువు రాని మనిషి కూడా కాళేశ్వరుడికి మొక్కి, ముక్తీశ్వరుడికి మొక్కి, బయటికి వచ్చేసరికి ఆ పాఠం పూర్తవుతుంది. అయినవాళ్ళ అస్థికలు తెచ్చి సంగమంలో కలిపి, ఒడ్డున పిండాలు పెట్టే కుటుంబాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన జనంలో చాలామంది వెతుక్కున్నది పుణ్యస్నానం ఒక్కటే కాదు, పోయినవాళ్ళకు నీళ్ళు వదిలే చోటు కూడా.

ఈ కాలుడే, అంటే యముడే, జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెరలో ఒక కవి గుండెలో కూర్చున్నాడు. 15వ శతాబ్దికి చెందిన పోతన తన భాగవతాన్ని రాజులకు ఎందుకు అంకితమివ్వలేదో తానే చెప్పుకున్నాడు. వాళ్ళకిచ్చి ఊళ్ళూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకుంటే, దేహం విడిచాక కాలుడి సమ్మెట దెబ్బలు తినాలి. అది తనకు వద్దు. భాగవతాన్ని తెనిగించి తన పుట్టుకను సఫలం చేసుకుంటానని, మళ్ళీ పుట్టుక లేకుండా చేసుకుంటానని అవతారికలో స్పష్టంగా అన్నాడు. చాలామంది ఈ మాటను కవి వినయంగా తీసుకుని ముందుకు పోతారు. నిజానికి అది పెద్ద ప్రకటన. తపస్సుకూ యాగానికీ సన్న్యాసానికీ దక్కుతుందన్న మోక్షాన్ని ఒక గృహస్థు తెలుగు రాయడంలో వెతుక్కున్నాడు. సేద్యం చేసుకుని బతికాడన్న సంప్రదాయం నిజమైతే, ఆ ప్రకటన ఇంకా బరువెక్కుతుంది.

భాగవతానికి చట్రంగా నిలిచిన కథ కూడా చావు గురించిందే. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు పోతానని తెలిసిన పరీక్షిత్తు, చావబోయే మనిషి ఏం చేయాలని శుకుణ్ణి అడుగుతాడు. పన్నెండు స్కంధాలూ ఆ ప్రశ్నకు జవాబే. బడిపుస్తకాల పుణ్యమా అని గజేంద్రమోక్షమూ ప్రహ్లాద చరిత్రా అందరికీ తెలుసు. తృతీయ స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి చెప్పిన భాగం మాత్రం అంతగా చదవరు. మనిషి దుఃఖం గురించి భాగవతం అంత నిర్మొహమాటంగా మాట్లాడిన చోటు మరొకటి లేదు. గర్భంలో ముడుచుకుని ఉన్న జీవుడికి పాత జన్మలు గుర్తుకొస్తాయి. ఈసారి బయటపడితే హరిని మరవనని మొక్కుకుంటాడు, నేల మీద పడగానే మరిచిపోతాడు. తరువాత పెళ్ళాం పిల్లలు, సంపాదన, తాపత్రయం. చివరికి ఒంట్లో సత్తువ పోయాక, పని చేయని ముసలి ఎద్దును రైతు చూసినట్టు ఇంటివాళ్ళు అతన్ని చూస్తారు. నేను, నాది అన్న పట్టుదలే ఈ దుఃఖానికి వేరని కొడుకు తల్లికి చెబుతాడు. ఉపదేశం పొందేది ఒక స్త్రీ, తరించేది కూడా ఆమే.

గజేంద్రుడి కథలోనూ ఈ అహంకారమే మూలం. ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడు. మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం తగిలినవాడు. ఏళ్ళ తరబడి బలం మీద నమ్మకంతో పోరాడిన గజేంద్రుడు, ఇక చేతకాదని ఒప్పుకున్నాకే హరిని పిలుస్తాడు. అయితే ఈ తెలుగు భాగవతం మొత్తం పోతన చేతిదే కాదు. పంచమ స్కంధం గంగనది, అజామిళుడి కథ ఉన్న షష్ఠం ఏర్చూరి సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి.

పోతనకు ముందే, బమ్మెర ఉన్న మండలంలోనే, పాలకుర్తిలో మోక్షం ప్రశ్నకు ఇంకో జవాబు పుట్టింది. 13వ శతాబ్దివాడని ఎక్కువమంది చెప్పే పాల్కురికి సోమనాథుడు 12వ శతాబ్ది బసవేశ్వరుడి కథను బసవపురాణంగా ద్విపదలో రాశాడు. పండితులకే అందే వృత్తాలను పక్కనబెట్టి, జనం నోట ఆడే ఛందస్సును ఎంచుకున్నాడు. అందులోని ముక్తులు ఎవరు? బట్టలుతికే మడివాలు మాచయ్య. తోలుపని చేసే కులంలో పుట్టిన మాదర చెన్నయ్య. ఈ చెన్నయ్య ఇంట అంబలి తాగిన శివుడు చోళరాజు పెట్టిన నైవేద్యం ముట్టుకోడు. బెజ్జ మహాదేవి కథ మరీ గొప్పది. శివుడికి తల్లి లేదే, చిన్నతనంలో ఎన్ని పాట్లు పడ్డాడో అని ఆమె గుండె తరుక్కుపోతుంది. ఆయనకు తానే తల్లి అవుతుంది. దేవుడు పసిబిడ్డై ఆమె ఒడిలోకి వస్తాడు. దుఃఖాన్ని వదిలించుకోవడం ఆమెకు పట్టలేదు, దేవుడి దుఃఖాన్నే నెత్తిన వేసుకుంది. వేదాంత గ్రంథాల్లో ఇటువంటి దారి అరుదు.

బసవపురాణానికి ఇంకో ముఖం ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. జైనుల మీద, శివుణ్ణి కొలవని వారి మీద సోమనాథుడి మాట నిప్పులా ఉంటుంది. ఆ జైనులు పరాయి దేశంవాళ్ళేం కాదు, ఒకప్పుడు గొప్ప జైన క్షేత్రమైన కొలనుపాక జనగామకు దగ్గరలోనే ఉంది. కులం అడగని భక్తి మతం మాత్రం అడిగింది. అయినా ఆ పుస్తకం ఎల్లలు దాటింది. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్ళాడు.

మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రుడి గుడి ఉంది, శివరాత్రికి జాతర.  దక్షుడి యజ్ఞాన్ని ధ్వంసం చేసిన ఈ వీరభద్రుడి మీదే పోతన పేరిట వీరభద్ర విజయం ఉంది. శైవుల ఇంట పుట్టి విష్ణుకథ చెప్పి తరించాలనుకున్న మనిషికి ఇద్దరు దేవుళ్ళ మధ్య గోడ కనిపించలేదు. సోమనాథుడికి కనిపించింది. ఈ విషయంలో బమ్మెర పాలకుర్తిని దాటి వెళ్ళిందనే చెప్పాలి.

పుస్తకం చేరని వాడలకు ఈ కథలను చేర్చినవాళ్ళ చరిత్ర వేరే ఉంది. మాదిగ కులాన్ని ఆశ్రయించి బతికే చిందు కళాకారులు ఊరూరా తిరిగి, తమ కులమూలాన్ని చెప్పే జాంబపురాణంతో పాటు ప్రహ్లాదుడి కథ, కాటికాపరిగా నిలిచిన హరిశ్చంద్రుడి కథ ఆడుతూ వచ్చారు. జనం వాళ్ళను చిందు భాగవతులనే పిలుస్తారు. గుడిలోకి రానివ్వని కాలంలో కూడా రాత్రి తెల్లవార్లూ ఊరందరి ముందు దేవుడి వేషం కట్టింది వాళ్ళే. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పోతన, సోమనాథుల మీద సభలు జరిగినప్పుడు పండితుల వరసలోనే ఈ ఆటగాళ్ళకూ కుర్చీ వేయాలి. మోక్షం మాటను బమ్మెర నుంచి మాదిగవాడ దాకా కాళ్ళకు గజ్జె కట్టుకుని మోసినవాళ్ళు వాళ్ళు.