జ్ఞానస్నానం చెల్లుబాటు: చరిత్ర

ఒక సంఘంలో పొందిన జ్ఞానస్నానం (ప్రొటెస్టంట్ల వాడుకలో బాప్తిస్మం) మరో సంఘంలో చెల్లుతుందా, మళ్లీ ఇవ్వాలా అన్న చర్చ క్రైస్తవంలో మూడో శతాబ్దం నుంచీ ఉంది.

ఆఫ్రికా వివాదం: 251లో రోమ్‌లో నోవేషియన్ వర్గం విడిపోయింది. ఆ వర్గంలో జ్ఞానస్నానం పొంది తర్వాత మాతృసంఘానికి వచ్చినవారికి మళ్లీ ఇవ్వాల్సిందేనని ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ పట్టుబట్టాడు. సంఘం వెలుపల పవిత్రాత్మ లేదు, తన దగ్గర లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరన్నది ఆయన వాదం. తలపై చేతులుంచి ప్రార్థిస్తే చాలన్నాడు పోపు స్తెఫాను. 256 సెప్టెంబరు 1న కార్తేజ్ సభలో 87 మంది బిషప్పుల అభిప్రాయాలు ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. అన్నీ సిప్రియన్ పక్షమే. మరుసటి ఏడు స్తెఫాను మరణించాడు, 258లో సిప్రియన్ హతసాక్షి అయ్యాడు. వివాదం మాత్రం తెగలేదు. 314లో ఆర్ల్ సభ దీనికి చక్కని పరిష్కారం చూపింది. వచ్చినవారిని విశ్వాస ప్రమాణం అడగాలి. పిత, పుత్ర, పవిత్రాత్మల నామంలో పొందినట్టు తేలితే చేతులుంచితే సరిపోతుంది.

అప్పటికే ఆఫ్రికాలో డొనాటిస్టుల చీలిక మొదలైంది. క్రైస్తవులపై రోమన్ ప్రభుత్వ హింసాకాలంలో లేఖనాలను అధికారులకు అప్పగించిన గురువుల సంస్కారాలు చెల్లవని, తమలో చేరినవారికి వారు తిరిగి జ్ఞానస్నానం ఇచ్చేవారు. 400 ప్రాంతంలో హిప్పో బిషప్ అగస్టీన్ ఏడు భాగాల గ్రంథంతో వారికి జవాబిచ్చాడు. నిజంగా ఇచ్చేవాడు క్రీస్తే కాబట్టి గురువు పాపం సంస్కారానికి అంటదు. చీలికలో పొందినదీ చెల్లుతుంది, అయితే దాని ఫలం ఐక్యతలోనే దక్కుతుంది. చెల్లుబాటును, ఫలాన్ని విడదీసి చూపిన ఈ లోతైన విశ్లేషణే తర్వాతి కాలానికి పునాది అయింది.

తర్వాతి వెయ్యేళ్లలో ముఖ్యమైనది 1439 నాటి ఫ్లోరెన్స్ సభ శాసనం: నీరు, త్రిత్వ నామం, సంఘం చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే, అత్యవసరంలో క్రైస్తవేతరులు ఇచ్చినా చెల్లుతుంది.

సంస్కరణ కాలం: లూథర్, కాల్విన్ కాథలిక్ జ్ఞానస్నానాన్ని అంగీకరించారు. కానీ 1525 జనవరి 21న జ్యూరిక్‌లో జార్జ్ బ్లౌరాక్‌కు కాన్రాడ్ గ్రెబెల్ మళ్లీ బాప్తిస్మమిచ్చాడు. పసితనంలో పొందినది అసలు బాప్తిస్మమే కాదని వారి నమ్మకం. ఇలా మళ్లీ బాప్తిస్మమిచ్చినందుకు వారి సహచరుడు ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ, త్రిత్వ నామంలో సరైన ఉద్దేశంతో ఇస్తే భిన్నమతస్థులది కూడా నిజమైన జ్ఞానస్నానమేనని ప్రకటించింది.

తెలుగు నేలపై బాప్టిస్టులు విశ్వాసులను నీట ముంచే పద్ధతినే పాటించారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో బాప్టిస్టులు చేరలేదు.

ఆధునిక కాలం: ప్రొటెస్టంట్ల నుంచి వచ్చినవారికి కాథలిక్ గురువులు చాలాకాలం ‘ఇంతకుముందు పొంది ఉండకపోతే’ అన్న షరతుతో జ్ఞానస్నానమిచ్చేవారు. విచారించాక కూడా గట్టి అనుమానం మిగిలితేనే అలా ఇవ్వాలని 1983 చర్చి చట్టం పరిమితం చేసింది. మోర్మన్ల బాప్తిస్మం చెల్లదని 2001లోనూ, ‘నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను’ అనడానికి బదులు ‘మేము’ అని పలికి ఇచ్చినది చెల్లదని 2020లోనూ వాటికన్ తేల్చింది. 2007 ఏప్రిల్ 29న జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో కాథలిక్కులతో సహా 11 సంఘాలు పరస్పర గుర్తింపుపై సంతకాలు చేశాయి. బాప్టిస్టులు, మెన్నోనైట్లు చేయలేదు.