లోటస్ 79: రూపకల్పన, 1978 పోటీ సంవత్సరం - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఫార్ములా వన్ పందెపు కార్ల చరిత్రలో 1978 ఒక మలుపు. ఆ సంవత్సరం ఇంగ్లండులోని లోటస్ సంస్థ రూపొందించిన 79వ నమూనా, కారుకూ నేలకూ మధ్యనున్న గాలిని బలంగా మలచుకోవచ్చని పోటీ మైదానంలో నిర్ద్వంద్వంగా నిరూపించింది. ఆ సంస్థకు చోదకుల విజేతృత్వమూ, తయారీదారుల విజేతృత్వమూ దక్కాయి. అదే సంవత్సరంలో ఆ సంస్థ రెండవ చోదకుడు రోనీ పీటర్సన్ మరణించాడు. సాంకేతిక చరిత్రలు మొదటి విషయాన్ని విస్తారంగానూ, రెండవదాన్ని విషాద ఘట్టంగానూ వేరువేరుగా చెప్పడం పరిపాటి. ఈ రెండింటినీ ఒకే చరిత్రలోని భాగాలుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రూపకల్పన నేపథ్యం

1960ల చివరినాటికి పందెపు కార్లకు రెక్కలు అమర్చడం మొదలైంది. విమానపు రెక్క పైకి లేపుతుంది. దానినే తలకిందులు చేస్తే వాహనాన్ని నేలకు అదుముతుంది. ఈ అదుము బలం పెరిగితే చక్రాలకు పట్టు పెరుగుతుంది, మలుపులో వేగం తగ్గించవలసిన అవసరం తగ్గుతుంది. అయితే రెక్క పెద్దదైన కొద్దీ గాలి నిరోధం పెరిగి, తిన్నని దారిలో వేగం పడిపోతుంది. పట్టు కావాలి, నిరోధం పెరగకూడదు అన్నదే నాటి ఇంజనీర్ల ముందున్న చిక్కు.

లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ 1975లో ఈ సమస్యను మూలం నుంచి పరిశీలించే బాధ్యతను టోనీ రడ్ నాయకత్వంలోని బృందానికి అప్పగించాడు. గాలిశాస్త్రంలో పీటర్ రైట్, నిర్మాణంలో రాల్ఫ్ బెలమీ, మార్టిన్ ఓగిల్వీ వంటివారు అందులో పనిచేశారు. రడ్, రైట్ ఇద్దరూ అంతకుముందు బి.ఆర్.ఎం. సంస్థలో ఉన్నప్పుడే కారు దేహాన్నే రెక్కగా మలచే ఆలోచన చేసి, అది పూర్తికాకుండానే విడిచిపెట్టవలసి వచ్చినవారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ గాలి సొరంగంలో, కదిలే నేలపై నమూనాలను పరీక్షిస్తున్నప్పుడు ఒక విశేషం బయటపడింది. నమూనా పక్కభాగాలు బరువుకు వంగి నేలకు దగ్గరైన కొద్దీ అదుము బలం అనూహ్యంగా పెరిగింది. పక్క అంచులకూ నేలకూ మధ్య సందును మూస్తే బలం ఇంకా పెరిగింది. ఇదే గ్రౌండ్ ఎఫెక్ట్‌గా ప్రసిద్ధమైంది.

దీని సూత్రం సరళమైనది. ఇరుకైన మార్గంలో గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. కారు పక్కపెట్టెల అడుగును తలకిందులైన రెక్క ఆకారంలో మలిస్తే, అడుగున పీడనం తగ్గి, పైనున్న గాలి కారును నేలకు ఒత్తుతుంది. పక్కలనుంచి గాలి లోపలికి చొరబడకుండా నేలను ఆనుకొని పైకీ కిందికీ జారే పలకలను అమర్చారు. వీటినే స్కర్టులు అన్నారు.

78 నుంచి 79 వరకు

ఈ సూత్రంపై నిర్మించిన తొలి కారు లోటస్ 78. అది 1977లో ఐదు పందేలను గెలిచింది. కాని ఇంజను వైఫల్యాలు వెంటాడి, విజేతృత్వం ఫెరారీ చోదకుడు నికీ లౌడాకు దక్కింది. 78లో రూపకల్పన లోపం కూడా ఉంది. అల్పపీడన కేంద్రం బాగా ముందుకు ఉండటంతో, వెనుక చక్రాల పట్టు కోసం పెద్ద రెక్క అవసరమైంది. ఏ నిరోధాన్ని తప్పించాలనుకున్నారో అదే మరో దారిన తిరిగి వచ్చింది.

79 ఈ లోపానికి సమాధానం. పక్కపెట్టెల అడుగునున్న గాలిమార్గాన్ని వెనుకవైపుకు పొడిగించారు. ఆ దారికి అడ్డురాకుండా వెనుక స్ప్రింగులను లోపలికి జరిపారు. 78లో పక్కలకూ పంచిన ఇంధనాన్ని చోదకుడి వీపు వెనుక ఒకే తొట్టిలోకి చేర్చారు. మూడు లీటర్ల కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. ఇంజను సన్నగా ఉండటం వల్ల ఇరువైపులా గాలికి చోటు దొరికింది. అదే ఇంజనును నాడు అనేక జట్లు వాడుతున్నాయి. కనుక 79 ఆధిక్యానికి కారణం ఇంజను శక్తి కాదు, ఆ ఇంజను చుట్టూ గాలికి వేసిన దారి.

1978 పోటీ సంవత్సరం

సంవత్సరారంభంలో జట్టు 78తోనే బరిలోకి దిగింది. అర్జెంటీనాలో మారియో ఆండ్రెట్టి, దక్షిణాఫ్రికాలో పీటర్సన్ గెలిచారు. మే 21న బెల్జియంలోని జోల్డర్‌లో 79 తన తొలి విజేతృత్వ పందెంలోనే ఆండ్రెట్టికి విజయం తెచ్చింది. పాత 78లో పీటర్సన్ రెండవ స్థానంలో నిలిచాడు. స్పెయిన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ పందేలలో ఇద్దరూ 79లలో మొదటి రెండు స్థానాలనూ పొందారు. జర్మనీలో ఆండ్రెట్టి, ఆస్ట్రియాలో పీటర్సన్ గెలిచారు. ఆ ఏడాది 79 గెలిచిన విజేతృత్వ పందేలు మొత్తం ఆరు.

ప్రత్యర్థుల స్పందనలో స్వీడన్ పందెం ముఖ్యమైనది. బ్రాభమ్ జట్టు వాడే ఆల్ఫా రోమియో ఇంజను అడ్డంగా వెడల్పైనది. దాని పక్కన గాలిమార్గాలకు చోటు లేదు. అందుచేత రూపకర్త గోర్డన్ మర్రే కారు వెనుక పెద్ద ఫ్యాను అమర్చి, అడుగునున్న గాలిని బయటికి లాగించాడు. లౌడా ఆ కారుతో గెలిచాడు. ఫలితం నిలిచింది గాని, ఆ కారు మళ్ళీ పోటీకి రాలేదు.

లోటస్ జట్టులో ఒప్పందం ప్రకారం ఆండ్రెట్టి మొదటి చోదకుడు, పీటర్సన్ రెండవవాడు. ఆండ్రెట్టి 1976 నుంచి ఈ కార్ల అభివృద్ధిలో భాగస్వామి. పీటర్సన్ ఆ ఒప్పందాన్ని పాటించాడు. పలు పందేలలో ఆండ్రెట్టిని అతి దగ్గరగా అనుసరించి రెండవ స్థానంతో ముగించాడు. కనుక ఆ సంవత్సరపు పాయింట్ల పట్టికను ఇద్దరి సామర్థ్యానికి కొలమానంగా మాత్రమే చదవడం సరికాదు.

మోంజా

సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజా పందేనికి ముందు ఆండ్రెట్టికి 63, పీటర్సన్‌కు 51 పాయింట్లు ఉన్నాయి. ఆ ఉదయపు సాధనలో పీటర్సన్ 79 ప్రమాదానికి గురై దెబ్బతింది. అతడు పాత 78లో బరిలోకి దిగాడు. వెనుక వరుసల కార్లు పూర్తిగా నిలవకముందే ఆరంభ సంకేతం వెలిగింది. వేగంగా వచ్చిన కార్లు దారి ఇరుకైనచోట గుంపుగా చేరి ఢీకొన్నాయి. పీటర్సన్ కారు రక్షణకంచెను తాకి మంటల్లో చిక్కుకుంది. జేమ్స్ హంట్, క్లే రెగజోనీ, పాట్రిక్ డిపాయే అతడిని బయటికి లాగారు. కాళ్ళు పలుచోట్ల విరిగినా అతడు స్పృహలోనే ఉన్నాడు. వైద్యసహాయం ఆలస్యమైంది. శస్త్రచికిత్స తరువాత ఎముకల్లోని కొవ్వు రక్తంలో చేరి ప్రసరణకు అడ్డుపడటంతో మరునాడు మిలాన్ ఆసుపత్రిలో మరణించాడు. అప్పటికి అతడి వయస్సు 34.

తిరిగి జరిగిన పందెంలో ఆండ్రెట్టి ముందుగా గీత దాటినా, ఆరంభ దోషానికి పడిన ఒక నిమిషం శిక్షతో ఆరవ స్థానానికి దిగాడు. ఆ ఒక్క పాయింటుతో అతడి మొత్తం 64 అయింది. దానిని అందుకోగల ప్రత్యర్థి మిగలలేదు. పీటర్సన్ మరణానంతరం కూడా పట్టికలో రెండవ స్థానంలోనే ఉన్నాడు.

తోటి చోదకులు ప్రమాద బాధ్యతను యువకుడైన రికార్డో పత్రేసేపై మోపి, తరువాతి పందెంలో పాల్గొననివ్వలేదు. అనంతరం ఇటలీ న్యాయస్థానం అతడిని నిర్దోషిగా తేల్చింది. ఆరంభ పద్ధతి, వైద్య ఏర్పాట్లు, కారు నిర్మాణం కలిసి కలిగించిన ఫలితాన్ని ఒక వ్యక్తి తప్పుగా కుదించడం ఎంత సులువో ఈ ఉదంతం తెలుపుతుంది. వైద్యుడు సిడ్ వాట్కిన్స్ పట్టుదలతో తరువాతి పందెం నుంచి మొదటి చుట్టులో కార్ల వెంట వైద్యవాహనం నడిచే పద్ధతి మొదలైంది.

అనంతర పరిణామాలు

1979లో 79 ఒక్క విజేతృత్వ పందెమూ గెలవలేదు. అదే సూత్రాన్ని గ్రహించిన విలియమ్స్, లిజియే జట్లు దృఢమైన కార్లను నిర్మించాయి. గ్రౌండ్ ఎఫెక్ట్‌ను ఇంకా విస్తరించబోయిన లోటస్ 80 విఫలమైంది. మలుపుల్లో వేగాలు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరిగింది. స్కర్టు ఇరుక్కుంటే అదుము బలం క్షణంలో మాయమవుతుంది; ఆ వేగంలో చోదకుడు చేయగలిగింది స్వల్పం. 1981లో జారే స్కర్టులను నిషేధించారు. 1983లో అడుగుభాగం చదునుగా ఉండాలన్న నియమం వచ్చింది. సుమారు నాలుగు దశాబ్దాల తరువాత, 2022 నియమాలు గ్రౌండ్ ఎఫెక్ట్‌ను తిరిగి అనుమతించాయి.

ముగింపు

లోటస్ 79 ఒక సూత్రాన్ని కనిపెట్టిన కారు కాదు. ముందరి కారులో అసంపూర్ణంగా ఉన్న సూత్రాన్ని నిర్దుష్టంగా అమలుచేసిన కారు. దాని విజయం ఒక బృందపు ఓపికైన పరిశోధనకు ఫలం. అయితే గాలి ప్రవాహంపై చూపిన శ్రద్ధలో కొంతైనా చోదకుడి కాళ్ళ రక్షణకూ, ఆరంభ నియమాలకూ, వైద్య ఏర్పాట్లకూ ఆనాటి క్రీడా వ్యవస్థ కేటాయించలేదు. కారు వేగాన్ని పెంచే మార్పు ప్రయోగశాలలో పుట్టింది. మనిషిని కాపాడే మార్పు మాత్రం ఒక మరణం తరువాతనే వచ్చింది. ఆ కాలవ్యత్యాసాన్ని కూడా నమోదు చేసినప్పుడే 1978 చరిత్ర సమగ్రమవుతుంది.