విమానానికి గంట, మన ఊరికి రోజు

సెలవుల రాకపోకలు మొదలైతే మన దగ్గర ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒకటే: లక్కడ్‌కోట్‌కు రావాలంటే హైదరాబాద్‌లో దిగాలా, నాగపూర్‌లో దిగాలా? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

శంషాబాద్ నుంచి నాగపూర్‌కు గాలిలో సుమారు 430 కిలోమీటర్లు. విమానం గంటా పావులో చేరుస్తుంది. అదే సికింద్రాబాద్ నుంచి రైలు పట్టాల మీద 575 కిలోమీటర్ల వరకు ఉంటుంది. మనం ఆ దారి మధ్యలో ఉన్నాం.

1956 వరకు మన రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మన పెద్దలకు రాజధాని అంటే హైదరాబాదే. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయి, మద్రాసు–ఢిల్లీ దారి మన పక్కనుంచే పోయింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి దాని డకోటా విమానాలు ఎగిరేవి. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి బయలుదేరినవి అర్ధరాత్రి నాగపూర్‌లో కలిసి, ఉత్తరాల సంచులు, ప్రయాణికులను మార్చుకుని తెల్లారేసరికి తిరిగి వెళ్ళేవి. మ్యాపు తీసి మద్రాసు నుంచి నాగపూర్‌కు గీత గీయండి, అది మన రాజురా ప్రాంతం మీదుగానే పోతుంది.

1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాక మన తాలూకాను నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మార్చారు. 1960లో మహారాష్ట్ర వచ్చింది. కాగితాలకు చంద్రపూర్, పెద్దాసుపత్రికి నాగపూర్. పిల్లనివ్వడానికి, తెచ్చుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపే. అందుకే మనకు రెండు విమానాశ్రయాలూ కావాలి, రెండూ దూరమే. రాజురా తాలూకాలోనే మూర్తి–విహీర్‌గావ్ దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన అడవి, పులుల దారి ప్రశ్నల దగ్గర చిక్కుకుంది. అడవి మనదే, అవసరమూ మనదే. తేలిగ్గా తేలే మాట కాదు.

ఇక అసలు సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళకు బాగాలేదని కబురొస్తే దూరాన ఉన్న పిల్లలు టికెట్ మీద ఉన్న గంటలే చూస్తారు. దిగాక పట్టే సమయాన్ని లెక్కపెట్టరు. నాగపూర్ నుంచి మనకు రోడ్డు మీద 200 కిలోమీటర్లు దాటుతుంది, హైదరాబాద్ నుంచి 300 దాటుతుంది. అర్ధరాత్రి దిగితే తెల్లారేదాకా బండి దొరకకపోవచ్చు. ఆఖరి చూపు ఆ కొన్ని గంటల్లోనే తప్పిపోతుంది.

కాబట్టి టికెట్ కొనేముందు ఇంటికి ఫోన్ చేయండి. ఏ రైలు అందుతుంది, బల్లార్షాకు బండి ఎవరు తెస్తారు అని అడగండి. విమానం ఎన్ని గంటలకు దిగుతుందో కాదు, మన గడపలో ఎన్ని గంటలకు కాలు పెడతారో లెక్క వేసుకోండి. ఈ మాట బయట ఉన్న మన పిల్లలకు కూడా చేరవేయండి.