అటక మీది టెనర్ బాంజో

మన దేశంలో బాంజో అనగానే చాలామందికి స్ఫురించేది మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులోని నగోయా నగరంలో గోరో మొరితా రూపొందించిన తైషోగోతో దానికి మాతృక. నేను ప్రస్తావించబోయేది ఆ వాద్యాన్ని కాదు. పెద్ద కంజిరకు పొడవాటి మెడ అమర్చినట్లుండే అమెరికా బాంజోను, అందులోనూ నాలుగు తీగల టెనర్ బాంజోను. తక్కువ ధరలో ఒకటి కొనదలచినవారు, అది చౌక ఎందుకయిందో ముందుగా తెలుసుకోవడం మేలు.

బాంజో పుట్టుక దుఃఖభరితం. బానిసలుగా తరలింపబడిన పశ్చిమాఫ్రికా ప్రజలు, వారి సంతతివారు, తమ పూర్వుల వాద్యాల స్మృతితో కరీబియన్ దీవులలోను, ఉత్తర అమెరికాలోను సొరబుర్రకు తోలు బిగించి దానిని తయారుచేసుకున్నారు. 1840లలో ముఖానికి మసి పూసుకున్న శ్వేతజాతి నటులు, ఆ నల్లవారినే వెక్కిరించే ప్రదర్శనలలో అదే వాద్యాన్ని వాయించి సొమ్ము చేసుకున్నారు.

1910 ప్రాంతంలో టాంగో నృత్యపు మోజుతో టెనర్ బాంజో వెలసింది. సి, జి, డి, ఎ అని శ్రుతి చేసే దీని తీగల మధ్య అంతరం షడ్జ పంచమాలది. మాండొలిన్ అంతరమూ అదే గనుక ఆ వాదకులకు ఇది సులువుగా పట్టుబడింది. జాజ్ బృందాల బాకాల హోరులోనూ దీని పదునైన నాదం వినబడేది. కాని 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చాక మెత్తని గిటారు నాదమూ శ్రోతలకు చేరసాగింది. 1929 తరువాతి ఆర్థికమాంద్యం తయారీదారులను దెబ్బతీసింది. టెనర్ బాంజోలు అటకలకు, తాకట్టు దుకాణాలకు చేరాయి.

వాటిని ఆదరించినవారిలో ఐరిష్ సంగీతకారులు ముఖ్యులు. 1962లో ఏర్పడిన డబ్లినర్స్ బృందంలోని బార్నీ మెకెన్నా, ఫిడేలుకు ఒక స్థాయి కిందుగా జి, డి, ఎ, ఇ శ్రుతిలో వాయించి ఆ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు.

ఇక ఎంపిక విషయం. పదిహేడు మెట్ల వాద్యంలో మెట్లు దగ్గరగా ఉంటాయి. ఐరిష్ పాటలకు వేళ్ళు సులువుగా అందుతాయి. పంతొమ్మిది మెట్లదానికి తీగ పొడవు ఎక్కువ. జి, డి, ఎ, ఇ శ్రుతికి మందమైన తీగలు వేయాలి. పాత వాద్యమైతే మెడ వంగిందేమో, బిరడాలు జారుతున్నాయేమో చూడండి. తోలు మూత వానాకాలంలో సడలుతుంది. ప్లాస్టిక్ మూత నిలకడగా ఉంటుంది. బ్రిడ్జి అతికించి ఉండదు కాబట్టి, అపస్వరం పలికినంత మాత్రాన వాద్యం చెడిందనుకోకండి. దాన్ని కాస్త జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

ఒక్క విన్నపం. 1945 తరువాత ఎర్ల్ స్క్రగ్స్ వాదనంతో అయిదు తీగల బాంజోకు గిరాకీ పెరిగింది. దానికోసం నాణ్యమైన పాత టెనర్ బాంజోల మెడలు ఊడదీసి అయిదు తీగల మెడలు బిగించారు. అసలు మెడతో ఉన్నది చౌకగా దొరికితే, బాగుచేయించి నాలుగు తీగలతోనే వాయించండి. ఒకప్పుడు వాటిని కాపాడినది వాయించేవారే.